మితాహారమూ, మాట మర్యాదా

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దల మాట. ఆ నోటికి సృష్టికర్త రెండు పనులు అప్పగించాడు. ఒకటి తినడం, రెండవది మాట్లాడటం. బరువు తగ్గదలచి ఆహారపు అలవాట్లు మార్చుకొనే వారికి మొదటి పని కష్టమని అందరూ అనుకుంటారు. మేము గమనించినంతలో రెండవదే ఎక్కువ కష్టం. ఒక ముద్ద తగ్గించడం ఒక్కరి పని. తగ్గించానని తల్లితో చెప్పడం, విందుకు పిలిచిన ఇంటివారికి నొప్పి కలగకుండా చెప్పడం, స్నేహితుల ఎగతాళికి బదులు చెప్పడం, చివరకు తనకు తాను చెప్పుకోవడం పదిమందితో ముడిపడిన పనులు. ఏమి తినాలో, ఎంత తినాలో చెప్పే వ్యాసాలు కొల్లలుగా ఉన్నాయి. దానిని గురించి ఎట్లా మాట్లాడాలో చెప్పేవి అరుదు. ఆ లోటును కొంతైనా పూరించే ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాము.

సమస్య ఎంతటిది?

ఇది కొందరి అందచందాలకు సంబంధించిన విషయం మాత్రమే అనుకోవడం పొరపాటు. భారత వైద్య పరిశోధన మండలి సహాయంతో దేశవ్యాప్తంగా జరిగిన ఒక పరిశీలన ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం మన దేశంలోని వయోజనులలో నూటికి 11 మందికి పైగా మధుమేహంతో ఉన్నారు. నూటికి సుమారు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు పరిమితికి మించి ఉన్నది. ఈ పొట్ట కొవ్వే మధుమేహానికీ, రక్తపు పోటుకూ, గుండె జబ్బుకూ దారి తీసేది.

బరువు ఎక్కువా కాదా అని తేల్చుకొనడానికి ఒక సులభమైన లెక్క ఉన్నది. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించాలి. 1.60 మీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు గల వ్యక్తికి ఈ లెక్క 25 వస్తుంది. ఐరోపా వారికి 25 దాటితే అధిక బరువు అంటారు. భారతీయుల శరీరంలో అదే బరువుకు కొవ్వు పాలు ఎక్కువ కాబట్టి మన వైద్యులు 23 నుండే జాగ్రత్త చెప్తున్నారు. 25 వస్తే స్థూలకాయంగా లెక్కిస్తున్నారు. నడుము కొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని కూడా వారి నిర్ణయం. ఈ అంకెలు హెచ్చరిక కోసమే గాని తీర్పు కోసం కాదు. వ్యాయామంతో కండ పెరిగిన క్రీడాకారునికి లెక్క ఎక్కువ చూపవచ్చు. బక్కగా కనిపించేవానికి పొట్ట కొవ్వు ఉండవచ్చు. కావున ఒకరి శరీరాన్ని కంటితో చూసి వ్యాఖ్యానించే హక్కు ఎవరికీ లేదు.

గాయపరచే మాట

మేమెరిగిన ఒక విద్యార్థిని కథ చెప్తాము. పేరుతో పని లేదు. ఒక నికాహ్ విందులో బంధువొకామె నలుగురి ఎదుట, "ఎంత లావయ్యావే, దస్తర్‌ఖాన్ మీద చోటంతా నీకే కావాలి కదా!" అన్నది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరునాటి నుండి పొద్దుటి భోజనం మానింది, తరువాత మధ్యాహ్నపు భోజనమూ మానింది. రోజంతా చాయ్ మీదనే గడిపి, రాత్రి ఆకలికి తాళలేక వంటింటిలో ఒంటరిగా, రహస్యంగా తినేది. ఇరవై రోజులు గడవకముందే తరగతిలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఇంట్లో తల్లికి తెలిసినది ఒక్కటే: కూతురు తన చేతి అన్నం తినడం లేదు. ఆ తల్లి తన వంటలో లోపమున్నదేమోనని, లేదా కూతురికి తనపై కోపమేమోనని కుమిలిపోయింది. ఒక ఇంట్లో ఇద్దరు వ్యక్తులు, ఒకరి మీద ఒకరికి ఎనలేని ప్రేమ ఉండి కూడా, మాట లేక నెల రోజులు బాధపడ్డారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు రెండు వేలకు పైగా యువతీ యువకులనూ, వారి తల్లిదండ్రులనూ ప్రశ్నించి 2013లో ఒక పరిశీలన ప్రకటించారు. తల్లిదండ్రులు బరువును గురించి మాట్లాడే ఇళ్ళలోని పిల్లలలో, భోజనాలు మానడం వంటి హానికరమైన పద్ధతులు ఎక్కువగా కనిపించినవి. బరువు ప్రసక్తి లేకుండా మంచి ఆహారాన్ని గురించి మాత్రమే మాట్లాడే ఇళ్ళలో అవి తక్కువగా ఉన్నవి. ఇట్టి పరిశీలన కార్యకారణాలను నిరూపించదు. ఐనా మన అనుభవం కూడా అదే చెప్తున్నది. "నువ్వు లావు" అన్న మాట మనిషి మీద పడుతుంది. "ఈ పూట కూర ఎక్కువ, అన్నం తక్కువ తిందాము" అన్న మాట పళ్ళెం మీద పడుతుంది. మనిషిని విడిచి పళ్ళెం గురించి మాట్లాడాలన్నది ఈ విషయంలో మొదటి సూత్రం.

మెచ్చుకోలు కూడా ఆలోచించి చేయవలసినదే. "ఎంత చిక్కావు, ఎంత బాగున్నావు!" అంటాము. ఆ చిక్కడం క్షయ వలన కావచ్చు, గుర్తించని మధుమేహం వలన కావచ్చు, మనోవ్యథ వలన కావచ్చు. "ఈమధ్య హుషారుగా కనిపిస్తున్నావు, ఎట్లా ఉన్నావు?" అని అడిగితే అవతలివారు చెప్పదలచినది చెప్పుకొనే వీలుంటుంది.

తల్లితో చెప్పే మాట

పెద్దల మనస్సును అర్థం చేసుకోనిదే వారితో మాట్లాడలేము. వారిలో అనేకులు రేషను బియ్యం కోసం వరుసలో నిలబడ్డ వారు, నలుగురు పిల్లలకు ఒక గుడ్డును పంచి పెట్టిన వారు. ఆ కాలంలో 'ఒళ్ళు చేశావు' అంటే సంతోషపు మాట. 'చిక్కిపోయావు' అంటే కంట తడి పెట్టే మాట. కొసరి వడ్డించడం వారికి ప్రేమను చూపే భాష. ఆ భాషలో 'వద్దు' అన్న మాటకు 'నీ ప్రేమ నాకు వద్దు' అన్న అర్థం వస్తుంది.

కావున భోజనం వేళ, వడ్డిస్తున్న చేతిని ఆపి చెప్పకూడదు. భోజనం కాని వేళ, తీరికగా కూర్చుని చెప్పాలి. మొదట ప్రేమ, పిదప కారణం, ఆ పిదప ఒక చిన్న కోరిక అన్న వరుస మంచిది. పైన చెప్పిన విద్యార్థిని చివరకు తల్లితో అన్న మాటలు ఇవి: "అమ్మీ, మీ వంట మీద నాకు కోపమేమీ లేదు. ఆ మాట మీతో చెప్పనందుకు మన్నించండి. నాన్నగారికి వచ్చిన షుగరు నాకు రాకూడదని నా ఆరాటం. రోజూ మీతో కలిసే తింటాను. అన్నం ఒక గరిటె తగ్గించి, దాల్చా ఒక గరిటె ఎక్కువ వేయండి." ఆ తల్లి ఏడ్చింది. తరువాత సాలన్‌లో నూనె తానే తగ్గించింది. కోరిక 'తగ్గించండి' అని మాత్రమే ఉంటే ఆమెకు చేయడానికి ఏమీ మిగిలేది కాదు. 'ఇది ఎక్కువ వేయండి' అనడంతో ఆమె ప్రేమకు ఒక పని దొరికింది. ఇదే రెండవ సూత్రం: ఒకటి కాదనేటప్పుడు మరొకటి అడగాలి.

అడగవలసినది ఏమిటో కూడా తెలిసి ఉండాలి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో ఇక్కడికి తరలి వచ్చినది. ఆ సంస్థ 2024లో సవరించి ప్రకటించిన ఆహార సూత్రాల ప్రకారం పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. అన్నం, రొట్టె వంటి ధాన్యాల నుండి వచ్చే శక్తి మొత్తంలో నూటికి 45 వంతులు మించకూడదు. మన ఇళ్ళలో అన్నం గుట్టగా, కూర చుక్కగా ఉండటం మామూలు. ఆ పాళ్ళను తారుమారు చేయడానికి ఖర్చుతో కూడిన ఆహారమేదీ అక్కరలేదు. పప్పు, తోటకూర, సొరకాయ, పెసలు, మజ్జిగ, గుడ్డు మన వీధి చివరి అంగడిలోనే దొరుకుతాయి.

రెండు లెక్కలు గుర్తుంచుకొనడం మేలు. ఒక గ్రాము కొవ్వు 9 కేలరీల శక్తిని ఇస్తుంది. పిండి పదార్థం గాని, మాంసకృత్తులు గాని 4 కేలరీలే ఇస్తాయి. అందుచేత ఒక పెద్ద చెంచా నూనె తగ్గితే సుమారు 125 కేలరీలు తగ్గినట్లు. ఇక చక్కెర. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు కప్పుల చాయ్ తాగితే దాదాపు 40 గ్రాముల చక్కెర లోపలికి పోతుంది. రోజుకు సుమారు 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఉస్మానియా బిస్కెట్ల సంగతి ఇందులో కలపలేదు!

విందులో చెప్పే మాట

ఇంట్లో ఒకసారి చెప్తే చాలు. విందులో ప్రతిసారీ కొత్తగా చెప్పాలి. ఉర్దూవారు 'తకల్లుఫ్' అన్నా, తెలుగువారు 'మొహమాటం' అన్నా భావం ఒక్కటే. అతిథి కాదన్నప్పుడు అది మొహమాటమని తలచి మూడుసార్లు బలవంతం చేయడం ఇంటివారి ధర్మం. ఈ సంప్రదాయాన్ని మేము తప్పు పట్టడం లేదు. దానిలో ఉంటూనే మెలగడం నేర్చుకోవాలంటున్నాము.

మన రెండు భాషలలోనూ ఇందుకు తగిన మాటలు సిద్ధంగా ఉన్నాయి. తెలుగులో 'వద్దు' వేరు, 'చాలు' వేరు. ఉర్దూలో 'నహీఁ' వేరు, 'బస్' వేరు. 'వద్దు' అంటే పదార్థాన్ని నిరాకరించినట్లు. 'చాలు' అంటే పెట్టినదానితో తృప్తి పొందినట్లు. మొదటిది ఇంటివారిని చిన్నబుచ్చుతుంది, రెండవది వారిని గౌరవిస్తుంది. కావున మొదటి వడ్డనలోనే సగం వేయించుకొని, మారు వడ్డనకు చోటు ఉంచుకోవాలి. రెండవసారి అడిగినప్పుడు ఒక చెంచా తీసుకుంటే వారి మాట నిలుస్తుంది, మన నియమమూ నిలుస్తుంది. మూడవసారి విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, "మొహమాటం లేదండీ, తృప్తిగా తిన్నాను. ఆ పెరుగు పచ్చడి మాత్రం మరి కొంచెం వేయండి" అనవచ్చు. ఏదో ఒకటి అడిగి వేయించుకొన్న అతిథిని ఎవరూ తప్పు పట్టరు.

విందులో కేలరీల లెక్క చెప్పడం, వండిన నెయ్యిని విమర్శించడం, పక్కవారి పళ్ళెం వైపు చూసి నీతులు బోధించడం కూడనివి. మన నియమం మనకే. డబుల్ కా మీఠా తినేవారి ఎదుట దాని దోషాలు వర్ణించడం తిండిపోతుతనం కన్న పెద్ద అమర్యాద.

పండుగ రోజున ఖుబానీ కా మీఠా ఒక గిన్నె, లేదా సంక్రాంతికి ఒక అరిసె తింటే ఏ నియమమూ చెడదు. చిక్కంతా ఒక్క రోజు పండుగ వారమంతా సాగినప్పుడు వస్తుంది. ఇఫ్తార్ వేళ నూనెలో వేగిన పదార్థాలతో, తీపి షర్బత్‌లతో పగటి సంయమం రాత్రికి కొట్టుకుపోకుండా చూసుకోవడం అవసరం. మధుమేహానికి మందులు వాడేవారు రోజాలకు ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

మితం మనకు కొత్త కాదు. ఉదరాన్ని పూర్తిగా నింపక నీటికీ, శ్వాసకూ చోటు విడవాలని ఇస్లాం సంప్రదాయం బోధిస్తున్నది. కడుపులో సగం ఆహారానికి, పావు ద్రవానికి, పావు గాలికి అని అష్టాంగహృదయం విభజించి చెప్పినది. ఎవరైనా "ఇదేమి కొత్త ఫాషను?" అని అడిగితే, ఇది తాతల నాటిదని వినయంగా చెప్పవచ్చు.

మిత్రులతో, తనతో చెప్పుకొనే మాట

స్నేహితుల విషయంలో ప్రతిజ్ఞలు పదిమందికి చాటడం కన్న, ఒకరిద్దరు నమ్మకస్థులకు చెప్పి సహాయం కోరడం మేలు. "నన్ను కాపలా కాయి" అని గాక, "సాయంత్రం క్యాంటీనుకు బదులు మైదానం చుట్టూ నడుద్దాము, నువ్వూ రా" అని అడగాలి. కాపలావాడి మీద విసుగు పుడుతుంది, తోడు మీద పుట్టదు. ఎగతాళికి ఎగతాళి బదులు కాదు. "ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది, ఇక మీదట అనవద్దు" అని ఒకసారి స్పష్టంగా చెప్పడం చాలు.

తనతో మాట్లాడుకొనే తీరులో ఒక చిత్రమైన భేదం ఉన్నది. 'నేను తినకూడదు' అనుకొంటే ఎవరో విధించిన శిక్షవలె తోస్తుంది, దానిని తప్పించుకోవాలని మనస్సు దారులు వెదకుతుంది. 'నేను తినను' అనుకొంటే అది తన నిర్ణయం. అమెరికాలో 2012లో ప్రచురితమైన కొన్ని ప్రయోగాలలో, ఈ రెండవ విధంగా చెప్పుకొన్నవారే ప్రలోభాన్ని ఎక్కువగా నిలువరించగలిగారు. ఐతే మన మర్యాదలో ఒక మెలకువ అవసరం. 'తినను' అన్నది లోపల చెప్పుకొనే మాట. అత్తయ్యగారితోనో ఖాలాజాన్‌తోనో పైకి అనవలసినది 'చాలండి' అనే.

ముందే ఒక సంకల్పం చేసుకోవడం కూడా ఉపయోగకరం. 'ఇట్లా జరిగితే అట్లా చేస్తాను' అన్న రూపంలో ఉన్న సంకల్పం బాగా నెరవేరుతుందని జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించాడు. 'తక్కువ తింటాను' అన్నది ఆశ. 'మిత్రులు సమోసాలు తెప్పిస్తే ఒకటి తీసుకొని సగం పక్కవారికి ఇస్తాను' అన్నది సంకల్పం.

నియమం తప్పిన రోజున తనను తాను నిందించుకోకూడదు. 2011లో ప్రచురితమైన ఆస్ట్రేలియా పరిశోధనలో, కఠినమైన పథ్యంతో బరువు తగ్గినవారికి ఏడాది గడిచిన తరువాత కూడా ఆకలిని పెంచే ఘ్రెలిన్ వంటి రసాయనాలు ఎక్కువగాను, ఆకలిని అణచే లెప్టిన్ వంటివి తక్కువగాను ఉన్నట్లు తేలింది. పోయిన బరువును తిరిగి రప్పించుకొనడానికి శరీరమే పోరాడుతుందన్న మాట. దానిని శీలలోపంగా భావించడం అన్యాయం. ఉపవాసాలతో నెలలో పది కిలోలు తగ్గాలనే తొందర కన్న, ఏళ్ళ తరబడి నిలిచే చిన్న మార్పే మంచిది.

చిన్న మార్పుకు ఫలితం చిన్నది కాదు. మధుమేహపు అంచున ఉన్నవారు బరువులో నూటికి 7 వంతులు తగ్గించుకోవాలనీ, వారానికి 150 నిమిషాలు నడవాలనీ లక్ష్యంగా పెట్టుకొనగా, వారికి జబ్బు వచ్చే అవకాశం నూటికి 58 వంతులు తగ్గినట్లు 2002లో అమెరికాలో రుజువైనది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం జరిపి 2006లో ప్రకటించిన పరిశోధనలో ఆహారం, నడక మార్చుకొన్న మనవారికి ఆ ముప్పు నూటికి 28 వంతులకు పైగా తగ్గినది. విశేషమేమంటే, వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గనే లేదు. త్రాసు ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉన్నదని దీని వలన మనం గ్రహించాలి.

ఒక హెచ్చరిక. ఎవరైనా భోజనాలు వరుసగా మానుతున్నా, తిన్నది కక్కుతున్నా, దాచుకొని తింటున్నా, బక్కచిక్కి కూడా ఇంకా లావేనని బాధపడుతున్నా అది పట్టుదల కాదు, వ్యాధి కావచ్చు. వెంటనే ఒంటరిగా పిలిచి, నింద లేకుండా మాట్లాడి, వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఎదిగే వయస్సు వారు, గర్భిణులు వైద్యుని సలహా లేనిదే ఏ పథ్యమూ చేయరాదు.

ముగింపు

కళాశాల కమిటీ పెద్దలకు మూడు విన్నపాలు. క్యాంటీనులో సమోసాల పక్కనే గుగ్గిళ్ళు, మజ్జిగ, అరటిపండ్లు అందుబాటు ధరలో ఉంచండి. విద్యార్థుల బరువు తూచవలసి వచ్చినప్పుడు అంకెను పదిమంది ఎదుట చదవకుండా, వారికి మాత్రమే తెలిసేటట్లు వ్రాసి ఇప్పించండి. వార్షికోత్సవ హాస్య నాటికలలో లావుపాటి వారిని నవ్వులపాలు చేసే పాత్రలకు స్వస్తి చెప్పించండి.

విద్యార్థి మిత్రులకు మాత్రం ఒక్కటే కోరిక. ఈ సంచిక చేతికి అందిన రోజున, మీ ఇంట్లో మీకు వడ్డించే వారి పక్కన కాసేపు కూర్చోండి. మీ ఆరోగ్యాన్ని గురించి, వారి ఆరోగ్యాన్ని గురించి కూడా మాట్లాడండి. వడ్డించే ఆ తల్లి తాను ఏమి తిన్నదో, ఎప్పుడు తిన్నదో అడిగినవారు ఎందరు? మార్పు అక్కడ మొదలైతే అది ఒకరి పథ్యంగా మిగిలిపోదు, ఇల్లంతటికీ ఆరోగ్యమవుతుంది.